టార్ మూట విప్పే ముందు లోపల ఏముందో చూడండి

మీ సమస్యను ముందు నా మాటల్లో చెప్తాను. మీ పెదనాన్నగారి కథలు టైపు చేసిన ఫైళ్లు, చేతిరాత కాగితాల స్కాన్లు అన్నీ కలిపి మీ బంధువు ఒకరు కథలు.టార్.జీజెడ్ అనే ఒకే ఫైలుగా పంపారు. మీరు ఉబుంటు లాప్‌టాప్‌లో, హోమ్ ఫోల్డర్‌లోనే ఉండి దాన్ని విప్పారు. వందల ఫైళ్లు వచ్చి మీ సొంత ఫైళ్లలో కలిసిపోయాయి. మీరు కష్టపడి రాసుకున్న సూచిక.టెక్స్ట్ పోయి, దాని స్థానంలో అదే పేరుతో వాళ్ల ఫైలు వచ్చి కూర్చుంది. వీటిని వేరు చేయడం ఎలా, తిరిగి మూట కడితే స్కాన్ల సైజు ఎందుకు తగ్గడం లేదు, ఆ పెద్ద ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎందుకు ఎక్కడం లేదు అని మూడు అడిగారు.

కమాండ్లను ఇక్కడ తెలుగులోనే, పలికినట్టు రాస్తున్నాను. సీ, ఎక్స్, టీ, ఎఫ్ లాంటివి విడి ఇంగ్లీషు అక్షరాలు. కీబోర్డు మీద చిన్న అక్షరాలుగా, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట ముందు ‘పెద్ద’ అని చేరుస్తాను.

మొదట ఆ సూచిక ఫైలు సంగతి, ఎందుకంటే దానికి సమయం ముఖ్యం. అది ఏదైనా ఎడిటర్‌లో ఇంకా తెరిచి ఉంటే మూయకండి, రీలోడ్ చేయమని అడిగినా ఒప్పుకోకండి. వేరే పేరుతో సేవ్ చేసేయండి, మీ రాత మీకు దక్కుతుంది. తెరిచి లేకపోతే అదే పేరు చివర టిల్డా (~) గుర్తు ఉన్న ఫైలు ఉందేమో చూడండి. కొన్ని ఎడిటర్లు పాత కాపీని అలా దాస్తాయి. ట్రాష్‌లో వెతకడం వల్ల లాభం లేదు. టార్ పాత ఫైలును ట్రాష్‌కి పంపదు, నేరుగా తీసేసి కొత్తది పెడుతుంది. ఈ రెండూ కుదరకపోతే మెయిల్‌లోనో, ఫోన్‌లోనో ఎవరికైనా పంపిన పాత కాపీ మీదే ఆశ పెట్టుకోవాలి. వినడానికి బాధగా ఉంటుంది కానీ, లేని ఆశ చూపించి మీ చేత రెండు రోజులు వెతికించడం నాకు ఇష్టం లేదు.

ఇక కలిసిపోయిన ఫైళ్లు. చేత్తో ఒక్కొక్కటి చెరపడం మొదలుపెట్టకండి, ఆ కంగారులో మీ సొంతవి పోతాయి. తేదీ చూసి వేరు చేద్దామని మీరు ప్రయత్నించారు కదా, అది ఎందుకు పని చేయలేదో చెప్తాను. టార్ విప్పేటప్పుడు ప్రతి ఫైలుకూ దాని అసలు తేదీని తిరిగి పెడుతుంది. పదేళ్ల కిందటి కథ పదేళ్ల కిందటి తేదీతోనే వస్తుంది. కానీ లినక్స్ ప్రతి ఫైలుకూ ఇంకో సమయం కూడా రాసుకుంటుంది: ఆ ఫైలు వివరాలు ఈ డిస్కు మీద చివరిసారి మారిన సమయం. దాన్ని టార్ మార్చలేదు. ఇలా కొట్టండి:

ఎల్ఎస్ -ఎల్‌టీసీ

మీరు మూట విప్పిన నిమిషంలో వచ్చినవన్నీ ఒకే గుంపుగా, ఒకే సమయంతో కనిపిస్తాయి. మీకు ధైర్యం రావడానికి ఈ ఒక్క కమాండ్ చాలు. ఆ తర్వాత మూటలోంచే జాబితా తీసుకుందాం:

టార్ -టీఎఫ్ కథలు.టార్.జీజెడ్ --క్వోటింగ్-స్టైల్=లిటరల్ | కట్ -డీ / -ఎఫ్ 1 | సార్ట్ -యూ > జాబితా

మూటలో పై మెట్టున ఉన్న పేర్లు మాత్రమే, ఒక్కోటి ఒక్కసారి, జాబితా అనే ఫైలులోకి వస్తాయి. దాన్ని ఎడిటర్‌లో తెరిచి చదవండి. ఒక్క చుక్క తప్ప ఏమీ లేకపోతే పేర్లన్నీ చుక్క, స్లాష్‌తో మొదలయ్యాయని అర్థం. అప్పుడు 1 తీసి 2 పెట్టి మళ్లీ చేయండి. చదివేటప్పుడు మీకు ముందునుంచీ ఉన్న పేర్లు కనబడితే, ముఖ్యంగా డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్ల పేర్లు ఉంటే, ఆ వరుసలు తీసేయండి. వాటిని చేత్తో చూసుకోవాలి. మిగిలినవాటికి తాత్కాలికం అని ఒక ఫోల్డర్ చేసుకుని:

ఎక్స్‌ఆర్గ్స్ -డీ '\ఎన్' ఎంవీ -ఎన్ -టీ తాత్కాలికం < జాబితా

ఇది దేన్నీ చెరపదు, పక్కకు జరుపుతుందంతే. ఒక వారం ఆగి, ఏదీ తప్పిపోలేదని తేలాక ఆ ఫోల్డర్‌ని తీసేయొచ్చు.

అసలు ఇలా ఎందుకు జరిగిందంటే, మూట కట్టిన ఆయన కథలు ఫోల్డర్ లోపలికి వెళ్లి, అక్కడున్నవన్నీ కలిపి కట్టారు. ఫోల్డర్ మూటలో లేదు, దాని లోపలి సరుకు మాత్రమే ఉంది. విప్పిన చోట అదంతా నేలమీద పోసినట్టు పడుతుంది. పైగా అన్‌జిప్ అయితే ఉన్న ఫైలు మీద రాయమంటారా అని అడుగుతుంది. గ్నూ టార్ (మీ ఉబుంటులో ఉన్నది ఇదే) అడగదు. ఇన్నేళ్లలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఈ అడగకపోవడం వల్ల వచ్చినవే. అందుకే ఎవరు పంపిన మూట అయినా, ఎంత నమ్మకమైనవాళ్లు పంపినా, మొదటి కమాండ్ ఎప్పుడూ ఇదే:

టార్ -టీఎఫ్ కథలు.టార్.జీజెడ్ | లెస్

టీ అంటే జాబితా చూపించమని, ఎఫ్ అంటే తర్వాత వచ్చేది మూట పేరని. ప్రతి వరుసా ‘కథలు/’ అని ఒకే ఫోల్డర్ పేరుతో మొదలైతే నిశ్చింతగా విప్పండి. లేకపోతే కొత్త ఫోల్డర్ చేసుకుని దానిలోకి విప్పండి:

టార్ -ఎక్స్ఎఫ్ కథలు.టార్.జీజెడ్ -పెద్దసీ కొత్తఫోల్డర్

పెద్ద సీ అంటే ‘ముందు ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి, అక్కడ విప్పు’ అని. గ్నూ టార్‌లో దీనికి --వన్-టాప్-లెవెల్ అని ఇంకో దారి కూడా ఉంది. మూట పేరుతో తానే ఫోల్డర్ చేసుకుని అందులోకి విప్పుతుంది. ఉన్న ఫైళ్ల మీద రాయకుండా ఉండాలంటే కే చేర్చండి, అంటే -ఎక్స్‌కేఎఫ్. అదే పేరుతో ఫైలు ఉంటే ముట్టుకోకుండా ఎర్రర్ చూపిస్తుంది. మీరు ఆ రోజు ఈ ఒక్క కే వాడి ఉంటే మీ సూచిక ఉండేది. విప్పేటప్పుడు జెడ్ రాయక్కర్లేదు. ఏ పద్ధతిలో నొక్కారో, అంటే సైజు తగ్గించారో, గ్నూ టార్ తానే చూసుకుంటుంది.

ఇంకో మాట, తెలియనివాళ్ల మూటను సుడో (కమాండ్‌ను అడ్మిన్ అధికారంతో నడిపేది) పెట్టి విప్పకండి. మూటలో ఒక ఫైలు పేరు స్లాష్‌తో మొదలైతే గ్నూ టార్ ఆ స్లాష్ తీసేసి, మీరున్న ఫోల్డర్ లోపలే పెడుతుంది. పెద్ద పీ ఇస్తే ఆ కాపలా పోతుంది. అది చేర్చమని ఎవరైనా చెప్తే ఎందుకో గట్టిగా అడగండి.

జాబితాలో తెలుగు పేర్ల బదులు \340\260\244 లాంటి అంకెలు వచ్చాయని, ఫైళ్లు పాడయ్యాయేమోనని మీరు టెన్షన్ పడ్డారు. ఏమీ పాడవలేదు. యూటీఎఫ్-8లో, అంటే కంప్యూటర్ అక్షరాలను బైట్లుగా రాసుకునే పద్ధతిలో, ప్రతి తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు మూడేసి బైట్లు తీసుకుంటాయి. టెర్మినల్ లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) యూటీఎఫ్-8లో లేనప్పుడు టార్ ఆ బైట్లను ఆక్టల్ (0 నుంచి 7 వరకే వాడే) అంకెల్లో రాస్తుంది. 340, 260, 244 కలిస్తే ‘త’. తెలుగు అక్షరాలన్నీ 340 260 తోనో, 340 261 తోనో మొదలవుతాయి కాబట్టి, వరుసలో పదే పదే ఈ జంటలు కనిపిస్తే అది తెలుగు పేరే అనుకోవచ్చు. పై కమాండ్‌లో లిటరల్ అని పెట్టింది ఇందుకే.

ఈ మూడు బైట్ల లెక్క ఇంకో చోట కూడా తగులుతుంది. లినక్స్‌లో మామూలుగా ఉండే ఈఎక్స్‌టీ4 డిస్కు మీద ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషులో అది 255 అక్షరాలు, తెలుగులో 85 మాత్రమే. ఒత్తులు, గుణింతాలు విడిగా లెక్కకొస్తాయి కాబట్టి కంటికి కనిపించే అక్షరాలు ఇంకా తక్కువే. కథ పేరు, పత్రిక పేరు, సంచిక నెల అన్నీ ఫైలు పేరులోనే పెట్టాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మూట కట్టడం. ఫోల్డర్ లోపలికి కాదు, ఒక మెట్టు పైన నిలబడి కట్టండి:

టార్ -సీజెడ్ఎఫ్ కథలు.టార్.జీజెడ్ కథలు

సీ కొత్త మూట కట్టమని, జెడ్ జీజిప్‌తో నొక్కమని, ఎఫ్ మూట పేరు. ఇలా కడితే అవతలివాళ్లు ఎక్కడ విప్పినా ఒకే ఫోల్డర్‌గా తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లి నక్షత్రం గుర్తు పెట్టి కడితే మీకు వచ్చిన కష్టమే వాళ్లకూ వస్తుంది. అదీ కాక చుక్కతో మొదలయ్యే దాగిన ఫైళ్లు నక్షత్రానికి అందవు, అవి మూటలోకి రావు.

ఎఫ్ తర్వాత వచ్చే మాటే మూట పేరు, ఇందులో రాజీ లేదు. -సీఎఫ్‌జెడ్ అని కొడితే జెడ్ అనే పేరుతో, నొక్కని మూట ఒకటి తయారవుతుంది. పక్కనే కథలు.టార్.జీజెడ్ అనే ఫైలు దొరకలేదని ఎర్రర్ వస్తుంది. హైఫన్ లేకుండా సీఎఫ్‌జెడ్ అని కొడితే మాత్రం సరిగ్గానే పని చేస్తుంది, ఎందుకంటే అది పాత పద్ధతి, దాని నియమం వేరు. అందుకే ఒకరికి పని చేసింది ఇంకొకరికి చేయదు. అక్షరాల గుంపులో ఎఫ్‌ను ఎప్పుడూ చివర పెట్టండి, ఈ గొడవే ఉండదు.

ఇంతకంటే ప్రమాదకరమైనది మూట పేరు మరిచిపోవడం. నేను పనిలో చేరిన కొత్తలో ఒక పత్రిక ప్రత్యేక సంచిక ఫైళ్లు నా దగ్గర ఉండేవి. రాత్రి పొద్దుపోయాక, ఆ ఫోల్డర్ లోపలే నిలబడి ఇలా కొట్టాను:

టార్ -సీఎఫ్ *

నక్షత్రం విడిపోయి ఫోల్డర్‌లోని పేర్లన్నీ వరుసగా వచ్చాయి. వాటిలో మొదటి పేరు ఎఫ్ పక్కన పడింది. అంటే మొదటి ఫైలే మూట అయిపోయింది. అందులో ఉన్న రాత పోయి, దానిలోకి మిగతా ఫైళ్లు వచ్చి చేరాయి. ఎర్రర్ రాలేదు, హెచ్చరిక రాలేదు. పోయింది ఒక పెద్దాయన వ్యాసం. ఆయన దగ్గర ఇంకో ప్రతి లేదు, జ్ఞాపకం నుంచి మళ్లీ రాసి ఇవ్వాల్సి వచ్చింది. ఒక్క మాట అనలేదు ఆయన. అప్పటినుంచి సీ అక్షరం కొట్టిన ప్రతిసారీ, ఎంటర్ నొక్కే ముందు ఎఫ్ పక్కన ఏముందో వేలు పెట్టి చదువుతాను. మీరూ అలాగే చేయండి.

స్కాన్లు ఎందుకు తగ్గడం లేదంటే, టార్ మూట కడుతుంది, నొక్కదు. నొక్కేది జీజిప్. పత్తిని గుడ్డలో మూట కట్టడం వేరు, జిన్నింగ్ మిల్లులో బేలుగా నొక్కడం వేరు కదా, అలాగే. టార్ అన్న పేరులోనే టేపు ఉంది. 1979 నాటి యూనిక్స్ ఏడవ ఎడిషన్‌లో, అయస్కాంత టేపు మీదికి ఫైళ్లను ఒకదాని వెనక ఒకటి రాయడానికి వచ్చిన పరికరం అది. ఒక్కో ఫైలుకూ ముందు 512 బైట్ల చీటీ, దాని వెనక సరుకు, మళ్లీ చీటీ, మళ్లీ సరుకు. పెద్ద టార్.జీజెడ్ ఫైలులోంచి ఒక్క కథ తీయాలన్నా మొదటినుంచీ చదువుకుంటూ పోవాల్సిందే.

జీజిప్‌ను జాన్-లూ గయ్యీ, మార్క్ ఆడ్లర్ 1992లో తెచ్చారు. దాని అడుగున ఉన్న ఆలోచన లెంపెల్, జివ్ 1977లో చెప్పినది: ఒకసారి వచ్చిన బైట్ల వరుస మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయకుండా, ‘ఇంత వెనక్కి వెళ్లి ఇన్ని బైట్లు తెచ్చుకో’ అని చిన్న గుర్తు రాసుకోవడం. తెలుగు టెక్స్ట్‌లో ప్రతి మూడు బైట్లలో మొదటి రెండూ దాదాపు ఒకటే కాబట్టి అది బాగా తగ్గుతుంది. పెదనాన్నగారి టైపు ఫైళ్లలో మీరు దీన్ని చూసే ఉంటారు. కానీ స్కానర్ ఇచ్చిన జేపెగ్ ఫైలును ముందే నొక్కేశారు. బేలును మళ్లీ మిల్లులో పెడితే ఇంకా ఏం తగ్గుతుంది? వీడియోలు, ఎంపీ3లు, స్కాన్‌లతో చేసిన పీడీఎఫ్‌లు అన్నీ ఇంతే. వాటికి జెడ్ తీసేసి -సీఎఫ్ అని ఉత్త మూట కట్టుకోండి, సమయం మిగులుతుంది. కథలకు ఒక మూట, స్కాన్లకు ఒక మూట విడిగా ఉంచడం నాకు నచ్చిన పద్ధతి.

టెక్స్ట్ మూటకు జీజిప్ బదులు ఎక్స్‌జెడ్ వాడి చూడండి, జెడ్ స్థానంలో పెద్ద జే పెట్టాలి. జీజిప్ 32 కిలోబైట్లకు మించి వెనక్కి చూడలేదు. ఎక్స్‌జెడ్ మామూలు స్థాయిలోనే 8 మెగాబైట్ల వెనక వరకూ చూస్తుంది. ఒక కథలో వాడిన మాట నలభై కథల తర్వాత వచ్చినా గుర్తుపడుతుంది. కట్టడానికి ఎక్కువ సేపు పడుతుంది, ఏళ్ల తరబడి దాచే మూటకు అది పెద్ద ఖర్చు కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగ దారి పెట్టారని బయటపడింది. ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పట్టుకున్నారు. ఆ రెండు వెర్షన్లు కాకపోతే చాలు, ఎక్స్‌జెడ్‌ను పక్కన పెట్టాల్సిన పని లేదు. రోజూ తీసే బ్యాకప్‌కైతే 2016లో వచ్చిన జెడ్‌స్టాండర్డ్ చాలా వేగం. బీజిప్2 మీకు అవసరం పడదు, కానీ తెలుగు వికీపీడియా వ్యాసాల డంప్ ఆ రూపంలోనే వస్తుంది. దాన్ని విప్పకుండానే బీజెడ్‌క్యాట్‌తో చదవొచ్చు, జీజిప్ ఫైళ్లకు జెడ్‌క్యాట్, జెడ్‌గ్రెప్ ఉన్నట్టే.

విండోస్ వాడే బంధువులకైతే జిప్ చేసి పంపండి. జిప్ ఒక్కో ఫైలును విడిగా నొక్కుతుంది, మౌస్‌తో తెరుచుకుంటుంది. 2018 నుంచి విండోస్ 10లో టార్ కమాండ్ కూడా ఉంది, అయితే అది గ్నూ టార్ కాదు, నేను చెప్పిన పొడుగు ఆప్షన్లు కొన్ని అందులో పని చేయవు.

పెన్‌డ్రైవ్ సంగతికి వస్తే, మీది ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంది. అందులో ఒక్క ఫైలు 4 జీబీకి చేరకూడదు, డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా సరే. మీ స్కాన్ల మూట అది దాటింది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయొచ్చు, కానీ అందులో ఉన్నవన్నీ పోతాయి. ముక్కలు చేయడం తేలిక:

టార్ -సీఎఫ్ - స్కాన్లు | స్ప్లిట్ -బీ 3పెద్దజీ - స్కాన్లు.టార్.ముక్క-

ఎఫ్ పక్కన ఉత్త హైఫన్ పెడితే మూట ఫైలులోకి పోకుండా నిలువు గీత దాటి స్ప్లిట్‌కి అందుతుంది. అది 3 జీబీ ముక్కలు చేస్తుంది. తర్వాత అన్నీ ఒకే చోట పెట్టి, కొత్త ఫోల్డర్‌లోంచి విప్పుకోవడానికి:

క్యాట్ స్కాన్లు.టార్.ముక్క-* | టార్ -ఎక్స్ఎఫ్ -

ఒక్క ముక్క పోయినా మూట పూర్తిగా తెరుచుకోదు. అందుకని ఈ చివరి పని దయచేసి వదిలేయకండి. టార్ తన చీటీలను సరిచూసుకుంటుంది కానీ లోపలి సరుకును సరిచూసే లెక్క ఏదీ రాసుకోదు. జీజిప్ చివర ఒక లెక్క ఉంటుంది, జీజిప్ -టీ అంటే దాన్ని సరిచూస్తుంది. ఉత్త టార్‌కు ఆ రక్షణ లేదు. మీ స్కాన్ల మూట ఉత్త టారే కాబట్టి మనమే లెక్క రాసుకోవాలి. ముక్కలు తయారైన ఫోల్డర్‌లో:

ఎస్‌హెచ్‌ఏ256సమ్ స్కాన్లు.టార్.ముక్క-* > లెక్కలు

ముక్కలతో పాటు లెక్కలు ఫైలును కూడా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. కాపీ అవగానే సరిచూస్తే కంప్యూటర్ తన మెమరీలో ఉన్న ప్రతినే చదివి సరే అనేయొచ్చు. ఎజెక్ట్ చేసి, డ్రైవ్ బయటికి తీసి, మళ్లీ గుచ్చి, ఆ డ్రైవ్‌లోకి వెళ్లి:

ఎస్‌హెచ్‌ఏ256సమ్ -సీ లెక్కలు

ప్రతి ముక్క పక్కనా ఓకే అని రావాలి. టైపు ఫైళ్ల మూటకైతే ఇంకా తేలిక. మూట, అసలు ఫోల్డర్ పక్కపక్కన ఉన్న చోట టార్ -డీఎఫ్ కథలు.టార్.జీజెడ్ అని కొడితే రెండింటినీ పోల్చి తేడాలు చెప్తుంది. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే మూటలో ఉన్నవన్నీ అసలు ఫైళ్లతో సరిపోయినట్టే.

ఇవన్నీ సరిగ్గా వచ్చాక కూడా పెదనాన్నగారి అసలు స్కాన్లను లాప్‌టాప్‌లోంచి తీయకండి, ఇంకొకరి ఇంట్లో రెండో కాపీ చేరేవరకూ అయినా. సూచిక ఫైలు టిల్డా కాపీ దొరికిందో లేదో రాయండి. దొరక్కపోతే మీరు ఏ ఎడిటర్ వాడారో చెప్పండి, అది ఇంకెక్కడైనా దాచిందేమో చూద్దాం.